మూడు లిపుల చందమామ: ఆరంబాక్కం అటక నుంచి చెన్నై కామిక్ కాన్ దాకా

2024 సంక్రాంతికి ఆరంబాక్కంలో అందరం కలిసినప్పుడు పాత ఇల్లు పడగొట్టే మాట వచ్చింది. నాయన, చిన్నాయన చెరో వాటా కట్టుకోవాలని ఎప్పటి నుంచో అనుకుంటా ఉన్నారు. సామాన్లు తీస్తా ఉంటే అటక మీద తాత ట్రంకు పెట్టె కనపడింది. మూత తుప్పుపట్టి బిగుసుకుపోయింది. గడపారతో తీస్తే లోపల అంతా చందమామలే.

చిన్నాయన ఒక్క మాటలో తేల్చేసినాడు. "ఎవురు చదవతారు రా ఇవి? నీకు కన్నడం, మా పిలకాయలకి అరవం, మనవలకి ఇంగ్లీషు. పాత పేపర్ల వాడికి వేసేస్తే పోతుంది."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. ఒక నెల టైం ఇవ్వమని అడిగినాను. ఆ నెలలోనే చెన్నైలో మొదటిసారి కామిక్ కాన్ జరగబోతా ఉందని తెలిసింది. పాత బొమ్మల పుస్తకాలు సేకరించేవాళ్ళు అక్కడికి వస్తారు, ఈ పెట్టె విలువ ఎంతో వాళ్ళే చెప్తారు అనుకున్నాను. ఆ ప్రయాణం గురించి, దాని వెనక ఉండే చరిత్ర గురించి రాస్తున్నాను. మనలాగా తెలుగునేల బయట ఉండే ఇళ్ళల్లో ఇలాంటి పెట్టెలు ఇంకా ఉంటాయి కాబట్టి రాస్తున్నాను.

పెట్టెలో ఏముంది

ముందు లెక్క చెప్తాను. తెలుగు చందమామలు 143. చాలావరకు 1954 నుంచి 1974 మధ్యవి, వరుసగా లేవు. వాటి అడుగున తమిళ అంబులిమామలు 31. అవి 1968 నుంచి 1974 దాకా. తెలుగువి తాతవి, తమిళంవి మా అత్తవి.

ఒకే ఇంట్లో తండ్రికి ఒక లిపి, కూతురికి ఒక లిపి ఎట్లా వచ్చిందో కొత్త తరానికి చెప్పాలంటే మన ఊరు ఎక్కడుందో చెప్పాలి. ఆరంబాక్కం చెన్నై నుంచి గూడూరు పోయే రైలు దారిలో తమిళనాడు వైపు చివరి స్టేషన్. దీని తర్వాతి స్టేషన్ తడ, అది ఆంధ్రప్రదేశ్. తాత పుట్టినప్పుడు రెండూ మద్రాసు రాష్ట్రమే. తడ నెల్లూరు జిల్లా, ఆరంబాక్కం చెంగల్పట్టు జిల్లా, అంతే తేడా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ జిల్లా హద్దే రాష్ట్రం హద్దయింది. ఆ తర్వాత కూడా హద్దుల గొడవ ఆగలేదు. పటాస్కర్ తీర్పు ప్రకారం 1959లో చట్టం వచ్చి, 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది, సత్యవేడు వైపు ఊర్లు ఆంధ్రలోకి వచ్చినాయి. ఆరంబాక్కం ఉన్నచోటే ఉండిపోయింది. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడితే అందులోకి చేరింది.

హద్దు మారినా ఇంట్లో మాట మారలేదు. మారింది పలక మీద అక్షరమే. తాత తెలుగులో చదివినాడు. నాయన అయిదో తరగతి దాకా తెలుగు, ఆ తర్వాత తమిళం. అత్త మొదటి నుంచీ తమిళమే. నాయనకు బెంగళూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం వచ్చింది కాబట్టి నేను కన్నడ మీడియం. మూడు తరాలు కాదు, రెండున్నర తరాల్లో మూడు లిపులు. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, కానీ ఒకరు రాసింది ఇంకొకరు చదవలేం. తాత నాకు రాసిన కార్డు నేను నాయన చేత చదివించుకునేవాణ్ణి.

ఇందులో మనం మాత్రమే ప్రత్యేకం కాదు. హోసూరు, కోలారు, బళ్ళారి, మదురై, ఎక్కడి తెలుగువాళ్ళని అడిగినా ఇదే కథ చెప్తారు.

మూర్ మార్కెట్

ఫిబ్రవరి 17 శనివారం పొద్దున్నే ఆరంబాక్కంలో సబర్బన్ రైలెక్కినాను. సంచీలో పన్నెండు పుస్తకాలు పెట్టుకున్నాను: ఎనిమిది తెలుగు, రెండు తమిళం, నేను బెంగళూరు నుంచి తెచ్చుకున్న రెండు కన్నడం. అరవై కిలోమీటర్ల పైన ప్రయాణం. గుమ్మిడిపూండి, పొన్నేరి దాటుకుని రైలు మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌లో ఆగుతుంది.

ఈ స్టేషన్ పేరు రోజూ వినేవాళ్ళలో చాలామందికి అది నిజంగానే ఒక మార్కెట్టని తెలియదు. సెంట్రల్ పక్కన ఎర్ర ఇటుకల కట్టడం, 1900 ప్రాంతంలో తెరిచారు. పిట్టల నుంచి పాత గ్రామఫోన్ పెట్టెల దాకా అక్కడ దొరకనిది లేదనేవారు. అన్నిటికన్నా పేరున్నవి పాత పుస్తకాల అంగళ్ళు. మద్రాసులో చదువుకున్న పేద పిల్లలకి, పుస్తకాల పిచ్చోళ్ళకి అదే దిక్కు. 1985 మే 30న నిప్పంటుకుని కాలిపోయింది. ఆ చోటులోనే ఇప్పటి సబర్బన్ రైళ్ళ స్టేషన్ కట్టారు.

తాత చందమామల్లో సగానికి సగం అక్కడివే. వెనక అట్ట మీద పెన్సిలుతో "మూ.మా." అని, కింద అణాల్లోనో పైసల్లోనో ధర ఉంటుంది. నాయన చెప్తాడు: తాత సరుకు కోసం నెలకొకసారి పట్నం పోయి వచ్చేటప్పుడు, రైలు టైం దాకా మూర్ మార్కెట్‌లో కూర్చునేవాడంట. కొత్త సంచిక ఒకటి కొంటే, పాతవి నాలుగు వచ్చేవి. తప్పిపోయిన నెలలు రాసుకున్న చీటీ చొక్కా జేబులో ఉండేదంట. పెట్టెలో అలాంటి చీటీ ఒకటి నాకు దొరికింది. తెలుగు అంకెల్లో రాసినాడు.

తప్పిపోయిన నెలలకు చీటీ రాసుకుని వెతికేవాణ్ణి ఈ రోజుల్లో కలెక్టర్ అంటారు. జిల్లా కలెక్టర్ కాదు, సేకరించేవాడు. కామిక్ కాన్‌కి పోతున్న నాకన్నా ముందే మా ఇంట్లో ఆ పిచ్చి ఉన్నవాడు ఒకడున్నాడని రైలు దిగినప్పుడు అనుకున్నాను.

వడపళని మీదుగా

సెంట్రల్ నుంచి నందంబాక్కం పోవాలంటే మెట్రోలో ఆలందూరు దాకా పోయి అక్కడి నుంచి ఆటో. ఆ దారిలోనే వడపళని వస్తుంది. దిగలేదు గానీ కిటికీలోంచి చూసినాను. ఒకప్పుడు ప్రతి సంచికలో అచ్చయిన అడ్రసు ఇదే: చందమామ బిల్డింగ్స్, వడపళని, మద్రాసు 26.

చందమామ మొదటి సంచిక 1947 జులైలో వచ్చింది, స్వాతంత్ర్యానికి ఒక నెల ముందు. పెట్టినవాళ్ళు ఇద్దరు. కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన బి. నాగిరెడ్డి, తెనాలి వైపు నుంచి వచ్చిన చక్రపాణి. చక్రపాణి అసలు పేరు ఆలూరి వెంకటసుబ్బారావు. శరత్ నవలలను బెంగాలీ నుంచి తెలుగులోకి తెచ్చిన ఆయనే. నాగిరెడ్డికి అచ్చాఫీసు ఉంది, చక్రపాణికి కథ ఎట్లా చెప్పాలో తెలుసు. తర్వాత ఇద్దరూ కలిసి విజయా సంస్థ పేరుతో పాతాళభైరవి (1951), మాయాబజార్ (1957) తీశారు. సినిమా అభిమానులకు ఆ జంట తెలుసు. అంతకు ముందే వాళ్ళు పిల్లల పత్రిక పెట్టారని చాలామందికి తెలియదు.

మనకు ముఖ్యమైన సంగతి వేరే ఉంది. చందమామ పుట్టింది ఒక భాషలో కాదు. అదే నెలలో తెలుగులో చందమామగా, తమిళంలో అంబులిమామగా వచ్చింది. 1950 లోపే కన్నడం, హిందీ చేరినాయి. తర్వాత మరాఠీలో చాందోబా, మలయాళంలో అంబిళి అమ్మావన్, ఒడియాలో జహ్నమాము. ఇట్లా పది భాషలు దాటినాయి. కన్నడంలో మాత్రం పేరు మనదే, చందమామే. చిన్నప్పుడు అది కన్నడ పత్రికే అనుకున్నాను. అది తెలుగులో కూడా ఉందని నాయన చెప్తే నమ్మలేదు.

కథలు ముందు తెలుగులో తయారయ్యేవి. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా ఆ పని చూసింది కొడవటిగంటి కుటుంబరావు. చిన్న వాక్యాలు, తిన్నని మాట. పిల్లవాడు ఎక్కడా ఆగిపోకూడదు. సీరియళ్ళు రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. తోకచుక్క, మకరదేవత, రాకాసిలోయ ఆయనవే. ఏళ్ళ తరబడి లక్షలమంది చదివినా, పత్రికలో పేరు వేయకపోవడం వల్ల ఆయన పేరు చాలామందికి తెలియలేదు. తెలుగు కథ తయారయ్యాక తక్కిన భాషల సంపాదకులు తమ భాషల్లోకి మార్చుకునేవారు.

బొమ్మలు మాత్రం అన్ని భాషలకూ ఒకటే. ఆ బొమ్మలు వేసినవాళ్ళని చూడండి. మహాభారతం ముఖచిత్రాలు వేసిన ఎం.టి.వి. ఆచార్య కన్నడిగుడు. రంగుల్లో కరిగిపోయినట్టుండే ముఖచిత్రాల వపా, అంటే వడ్డాది పాపయ్య, శ్రీకాకుళం ఆయన. భుజాన శవం, చేతిలో కత్తి, వెనక శ్మశానం, ఆ విక్రమార్కుణ్ణి మన కళ్ళల్లో నిలిపిన శంకర్, అంటే కె.సి. శివశంకరన్, తమిళుడు. 1950ల మొదట్లో చందమామలో చేరి ఆరు దశాబ్దాలు బొమ్మలు వేశాడు. 2020 సెప్టెంబరులో పోయాడు, మరుసటి ఏడు ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించింది.

ఒక శ్రీకాకుళం ఆయన, ఒక కన్నడిగుడు, ఒక తమిళుడు వేసిన బొమ్మల మీద తెనాలి వాళ్ళు రాసిన కథ. ఇది ఎవరి పత్రిక అంటే ఏం చెప్తాం? మద్రాసు పత్రిక అని చెప్పాలి. రాష్ట్రాలు విడిపోయినా విడిపోని మద్రాసు ఒకటి ఆ అచ్చాఫీసులో చాలాకాలం ఉండింది.

1998లో చందమామ ఆగిపోయింది. 1999 చివర మళ్ళీ మొదలైంది. 2007లో ముంబై కంపెనీ ఒకటి కొన్నది. 2013 తర్వాత కొత్త సంచికలు రాలేదు. వడపళనిలో ఇప్పుడు విజయా పేరు ఆసుపత్రికీ, మాల్‌కీ ఉంది.

నందంబాక్కంలో

కామిక్ కాన్ అనే మాట అమెరికాది. కాన్ అంటే కన్వెన్షన్, సేకరించేవాళ్ళ, చదివేవాళ్ళ సభ. 1964లో న్యూయార్క్‌లో కొంతమంది కుర్రాళ్ళు పాత కామిక్స్ మార్చుకోవడానికి ఒక హాలులో కలిశారు. 1970లో శాన్ డియేగోలో ఒక హోటల్లో మొదలైనది ఈ రోజు లక్షమంది దాటే తిరునాళ్ళయింది. మన దేశంలో మొదటిది 2011 ఫిబ్రవరిలో ఢిల్లీలో. తర్వాత బెంగళూరు, హైదరాబాదు. చెన్నై ట్రేడ్ సెంటర్‌లో 2024 ఫిబ్రవరి 17, 18న జరిగినది చెన్నైకి మొదటిది.

తిరునాళ్ళ అని ఊరికే అనలేదు. మన ఊరి జాతరలో పులివేషం కడతారు గదా, ఇక్కడ స్పైడర్‌మ్యాన్ వేషం, జపాన్ బొమ్మల వేషం. కార్డ్‌బోర్డు కత్తులు, రంగు జుట్లు, చెమట. ఒక తల్లి కొడుకు కవచం ఊడిపోతే పిన్నీసు పెడతా ఉంది. నాకు బాగా నచ్చింది.

ఆ ఢిల్లీ మొదటి సభలో అనంత్ పాయ్‌కి జీవిత సాఫల్య పురస్కారం ఇచ్చారు. ఆ వారంలోనే, ఫిబ్రవరి 24న, ఆయన చనిపోయారు. అమర్ చిత్ర కథ ఆయన పేరుతోనే నడిచింది. ఆయన కర్ణాటకలోని కార్కళలో పుట్టినవాడు. కన్నడ మీడియం వాణ్ణి కాబట్టి ఇంకో సంగతి చెప్పాలి. అమర్ చిత్ర కథ అన్న పేరు మొదట వచ్చింది ఇంగ్లీషులో కాదు, కన్నడంలో, 1965లో. ఇండియా బుక్ హౌస్ బెంగళూరు శాఖలో ఉన్న జి.కె. అనంతరామ్ చేసిన పని అది. ఆ మొదటి పది పుస్తకాలు సిండ్రెల్లా లాంటి విదేశీ కథలు. అందుకే అనంత్ పాయ్ కృష్ణుడి కథ 11వ నంబరుతో మొదలవుతుంది. తెలుగులో మాటల బుడగలతో కామిక్ అంటే ముందు గుర్తు రావాల్సింది ఆంధ్ర సచిత్ర వారపత్రికలో వచ్చిన డుంబు. వేసింది బుజ్జాయి, దేవులపల్లి కృష్ణశాస్త్రి కొడుకు. ఆయన ఉండింది కూడా మద్రాసులోనే.

చందమామ సరిగ్గా కామిక్ కాదు, బొమ్మల కథల పత్రిక. అయినా పాత కామిక్స్ సేకరించేవాళ్ళ దగ్గర అది కూడా ఉంటుంది.

మధ్యాహ్నం అన్నం తినే చోట పక్కన కూర్చున్నాయన నా సంచీలోంచి తొంగిచూస్తున్న అట్ట చూసి మాట కలిపినాడు. యాభై దాటి ఉంటాయి. తమిళ కామిక్స్ సేకరిస్తాడు. శివకాశి నుంచి 1972లో మొదలైన ముత్తు కామిక్స్, 1984లో వచ్చిన లయన్ కామిక్స్ ఆయన ప్రాణం. ముత్తు మొదటి పుస్తకం ఇరుంబుక్కై మాయావి, ఇంగ్లీషు స్టీల్ క్లాకి తమిళ రూపం. దాని కోసం తమిళనాట పోటీలు పడతారని, ఏటా ఆగస్టులో ఈరోడ్ పుస్తక ప్రదర్శనకి ఆ అభిమానులంతా చేరతారని చెప్పినాడు.

నా పుస్తకాలు ఒక్కొక్కటే తీసి చూసినాడు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు ముట్టుకున్నాడు. అట్ట ఉందా, నడుమ పిన్నులు తుప్పుపట్టినాయా, పేజీలు లెక్కకు సరిపోయినాయా, ఎవరైనా కత్తిరించినారా, గీతలు గీసినారా. సేకరించేవాళ్ళ లెక్క అది. ఒక అంబులిమామ తెరిచి తల అడ్డంగా ఊపినాడు.

"అయ్యో, పెన్సిలు రాతలు. రాతలుంటే విలువ సగం పోతుంది తంబీ."

ఆ పేజీ నేను అంతకు ముందు సరిగ్గా చూడలేదు. బేతాళ కథ పైన ఉండే బొమ్మ పక్కన చిన్న చిన్న తమిళ అక్షరాలు. తెలుగు చందమామ అదే నెలది తీసి చూస్తే అందులో కూడా ఉన్నాయి, ప్రతి కథ పేరు కింద. నాకు తమిళం చదవడం అంతంత మాత్రం. ఆయన చేత చదివించినాను. చదివి, "ఇది తమిళ్ కాదే" అన్నాడు. నేను వింటే అది తెలుగు. తెలుగు మాటలను తమిళ అక్షరాల్లో రాసినారు. తమిళంలో క, గ రెండిటికీ ఒకటే అక్షరం కాబట్టి ఆయన నోట "గాడిద" "కాడిద" అయింది, "దొంగ" "తొంగ" అయింది, అందులో గ మాత్రం గ గానే వచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం.

పోయే ముందు ఆయన ధర చెప్పినాడు. తెలుగువి తనకు వద్దు, చదవలేడు. అంబులిమామలు 31 ఉంటే, రాతలున్నా సరే, ఒక్కోటికి 300 ఇస్తానన్నాడు. అంటే 9,300. ఆశపడినాను. మా ఇంట్లో తమిళం చదివేవాళ్ళున్నా వాటిని అడిగేవాళ్ళు లేరు, తెలుగువే గదా మనవి, ఇవి పోతే ఏం అనుకున్నాను. సరే అనే ముందు అత్తకి ఫోన్ చేసినాను.

అత్త చెప్పిన మాట

"అవి నావి గదరా, నన్నడక్కుండా యెట్లా అమ్ముతావు?" అనింది అత్త. ఆ తర్వాత పెన్సిలు రాతల గురించి అడిగితే కాసేపు మాట్లాడలేదు.

రాసింది ఆమే. 1970లో ఆమెకు పన్నెండేళ్ళు. తాత రాత్రిపూట లాంతరు దగ్గర తెలుగు చందమామ గట్టిగా చదివేవాడు. చదివి ముగించాక పుస్తకం మూసేస్తే ఈమెకు మళ్ళీ చదువుకునే దారి లేదు. తాతను సతాయించి అంబులిమామ తెప్పించుకునింది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే బొమ్మలు ఒకటే, కథ ఒకటే. బొమ్మను పట్టుకుని ఇది ఏ కథో తెలుసుకోవడం, తాత చదివినప్పుడు విన్న పేరు గుర్తు పెట్టుకోవడం, తెలుగు అక్షరాల కింద తమిళంలో రాసుకోవడం. అట్లా ఒక ఏడాదికి కథల పేర్లన్నీ తెలుగులో చదివేదంట. పెళ్ళయి పోయినాక ఆగిపోయింది.

నేను బస్టాండు పక్కన నిలబడి ఈ మాటలు విన్నాను. ఎందుకంటే సరిగ్గా ఇదే పని నేను కూడా చేసినాను, అది నా సొంత తెలివి అనుకున్నాను.

నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ముప్పై దగ్గర పడినాక. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఒకే తెర నాలుగు భాషల్లో వస్తుంది, పక్కపక్కన పెట్టి ఏది ఎక్కడ మారిందో చూడాలి. ఆ అలవాటుతో బెంగళూరు అవెన్యూ రోడ్డులో పాత కన్నడ చందమామలు దొరికినప్పుడు, తాత ఇచ్చిన ఒకటి రెండు తెలుగువి పక్కన పెట్టినాను. కన్నడం వచ్చినవాడికి తెలుగు లిపి సగం వచ్చినట్టే. రెండూ ఒకప్పుడు ఒకే లిపి, విడిపోయి ఏడెనిమిది వందల ఏళ్ళు అయిందంతే. గ, ద, న, బ, ర చూడగానే తెలుస్తాయి. త, క, శ తడబెట్టినాయి. కన్నడ అక్షరానికి తలమీద అడ్డగీత ఉంటే, తెలుగుకి టిక్కు పెట్టినట్టు తలకట్టు. బొమ్మ చూసి కథ ఎక్కడుందో పట్టుకుంటే, తెలియని అక్షరం దానంతట అదే తెలిసేది. నాలుగు నెలల్లో తాత రాసిన పాత కార్డులన్నీ నేనే చదువుకున్నాను. అప్పటికి ఆయన లేడు.

అత్త యాభై ఏళ్ళ ముందు తమిళంతో చేసింది, నేను కన్నడంతో చేసినాను. ఇద్దరికీ దారి చూపించింది ఒకటే, మారని బొమ్మ.

ఆ పెద్దాయనకి కథ చెప్పి క్షమించమన్నాను. ఆయన ఏమీ అనుకోలేదు. "అయితే జతలు విడదీయొద్దు" అని, ప్లాస్టిక్ కవర్లు రెండు ఇచ్చి పోయినాడు.

విలువ ఎంత

1938లో పది సెంట్లకి అమ్మిన సూపర్‌మ్యాన్ మొదటి పుస్తకం ప్రతి ఒకటి 2024 ఏప్రిల్‌లో 60 లక్షల డాలర్లకి పోయింది. సేకరించేవాళ్ళ లోకంలో విలువ ఇట్లా కడతారు: అరుదైనది, మచ్చలేనిది, ఒకే వరుసలో తప్పిపోకుండా ఉన్నది. తప్పని అనను. ఆ పిచ్చి ఉన్నవాళ్ళు లేకపోతే పాత కాగితం ఏదీ మిగలదు.

మనలాంటి ఇళ్ళకి మాత్రం ఆ లెక్క సరిపోదు. మనకు మచ్చలేని ఒక్క ప్రతి కన్నా, మాసిపోయిన రెండు లిపుల జత ఎక్కువ. పెన్సిలు రాత ఉంటే ఇంకా ఎక్కువ. తెలుగు మీడియం బడి దొరకని చోట, 2006 తర్వాత తమిళనాడులో బడిలో తమిళం తప్పనిసరి అయినాక, మన పిల్లలకి అక్షరం వచ్చేది ఇంటి నుంచే రావాలి. బడి భాషను తిట్టుకుంటే లాభం లేదు. బడిలో వచ్చిన అక్షరమే తాళంచెవి. దాన్ని తిప్పడానికి పక్కన ఇంకో అక్షరం ఉండాలి.

చిన్నాయనకి ఇదంతా చెప్పినాను. పూర్తిగా ఒప్పుకున్నాడని చెప్పను. "సరే, కొత్తింట్లో ఒక అలమారా ఇస్తాను, చెదలు పడితే నీదే పూచీ" అన్నాడు. అది చాలు.

పెట్టెకి ఇప్పుడు పట్టీ తయారు చేసినాను. నెల, సంవత్సరం, లిపి, ఎవరు కొన్నారు, ఎక్కడ కొన్నారు, లోపల ఎవరి రాత ఉంది. తెలుగు, తమిళం రెండూ ఉన్న నెలలు 17 తేలినాయి. వాటిలో 6 నెలలకి నేను కన్నడం కూడా సంపాదించినాను. అంటే ఆరు నెలలు మూడు లిపుల్లో ఉన్నాయి. వేసవి సెలవుల్లో చిన్నాయన మనవరాలు, తమిళం మూడో తరగతి, అత్త దగ్గర కూర్చుని ఒక జత మొదలుపెట్టింది. మొదటి రోజు నేర్చుకున్నది "మ". చందమామలో రెండుసార్లు వస్తుంది కాబట్టి.

మీ ఇళ్ళల్లో పాత చందమామలు, అంబులిమామలు, బాలమిత్రలు ఉంటే పాత పేపర్ల వాడికి ఇచ్చే ముందు ఒకసారి తెరిచి చూడండి. బొమ్మలు కత్తిరించొద్దు. నేను చిన్నప్పుడు కత్తిరించి నోటుబుక్కుకి అంటించినవి ఈ రోజు తలుచుకుంటే బాధేస్తుంది. చినిగినచోట సెల్లోటేప్ వేయొద్దు, కొన్నేళ్ళకి అదే కాగితాన్ని తినేస్తుంది. తుప్పుపట్టిన పిన్ను మెల్లగా తీసి తెల్లదారం కట్టండి. గోడకి ఆనించకుండా, నేలకి ఎత్తుగా పెట్టండి. ఎవరి రాత ఏ పేజీలో ఉందో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాసుకోండి. మా అత్తను అడగకపోతే ఆ పెన్సిలు రాతలు నాకు మచ్చలుగానే కనపడేవి.

ఇంకొక మాట. 1968 నుంచి 1974 మధ్య కన్నడ చందమామలు మీలో ఎవరి దగ్గరైనా ఉంటే, నెల, సంవత్సరం చూసి చెప్పండి. అమ్మక్కర్లేదు, ఫోటో తీసి పంపినా చాలు. నాకు ఇంకా 11 నెలలకి జత దొరకాల.